అమ్ముడుపోనివాడు



తెలుగులో ఒక మనిషిని గూర్చి “వాడు అమ్ముడుపోయాడు” అంటే అది తిట్టు. సాక్షి అమ్ముడుపోతాడు, ఓటరు అమ్ముడుపోతాడు, గెలిపించిన జనాన్ని విడిచి పక్క పార్టీలో చేరిన ప్రజాప్రతినిధి అమ్ముడుపోతాడు. “ఆయన అమ్ముడుపోయే మనిషి కాడు” అంటే అంతకు మించిన పొగడ్త లేదు. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు తెలుగు చెప్పిన నేను ఈ రెండు వాక్యాలనూ నమ్ముకొని బ్రతికాను. ఇప్పుడు రెండూ తలక్రిందులయ్యాయి. “ఇన్ని కోట్లకు అమ్ముడుపోయాడు” అంటే చప్పట్లు. “అమ్ముడుపోలేదు” అంటే జాలి. ఆటలు లేని నెలల్లో మన పత్రికలలోనూ టీవీలలోనూ సాగే ఆటగాళ్ళ వేలంపాటల మీదనే నా ఫిర్యాదు. ఇది పంతులు ఛాందసమని మీకు తోస్తే తోయనివ్వండి గాని, చివరిదాకా చదివి తిట్టండి.

2023 అక్టోబరు రెండవ వారం. డొంకరాయిలో విద్యుత్ కాలనీ దగ్గర టీకొట్టులో కూర్చున్నాను. టీవీలో ప్రో కబడ్డీ వేలం నడుస్తోంది. పవన్ సెహ్రావత్ అనే ఆటగాని కోసం పాట పెరిగి పెరిగి 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయల దగ్గర ఆగింది. పాడుకొన్నది మన తెలుగు టైటన్స్ జట్టు. కొట్టులోని కుర్రవాళ్ళు ఈలలు వేశారు. సంతకు వచ్చి ఇంటికి మరలుతున్న ఒక కొండరెడ్డి వృద్ధుడు ఆ గోల విని ఆగాడు.

“ఏం పాట మాస్టారూ అది? చింతపండా, ఆశీలా?” అని అడిగాడు.

“కాదు పెద్దాయనా, మనిషికి పాట” అన్నాను, నవ్విద్దామని.

ఆయన నవ్వలేదు. టీవీలోని కుర్రవాని ముఖాన్ని కాసేపు చూసి, “అంత అప్పు ఎప్పుడు చేశాడు మాస్టారూ ఆ పిల్లాడు?” అన్నాడు.

ఆ ప్రశ్నకు కొట్టులో అందరూ నవ్వారు. నాకు మాత్రం టీ సహించలేదు. ఆయన అజ్ఞానంతో అడిగిన ప్రశ్న కాదది, జ్ఞాపకంతో అడిగిన ప్రశ్న. ఈ కొండల్లో మనిషికి ధర కట్టడమంటే అప్పు క్రింద జమకట్టడమే. దానికి ‘గొత్తి’ అని పేరు. తండ్రి తెచ్చిన కొద్దిపాటి రొక్కానికి కొడుకు షావుకారు ఇంట చాకిరీ చేసేవాడు. వడ్డీ పెరిగేది, కొడుకు ముసలివాడయ్యేవాడు, అప్పు తీరేది కాదు. 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతంలో దీన్ని రద్దు చేస్తూ ప్రత్యేక నిబంధన చేసింది. అయినా పోలేదు కనుకనే 1976లో దేశమంతటికీ వెట్టిచాకిరీ రద్దు చట్టం చేయవలసి వచ్చింది. అంతకు ముందే రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల క్రయవిక్రయాన్నీ వెట్టినీ నిషేధించింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం లేచినప్పుడు, ఆ కోపంలో రోడ్డు పనుల వెట్టికి పెద్ద పాలే ఉంది. ఇంత చరిత్ర గల నేల మీద కూర్చొని “మనిషికి పాట” అని హాస్యమాడినందుకు నాకు సిగ్గు వేసింది.

కోట్లు పుచ్చుకొనే ఆటగానినీ గొత్తి మనిషినీ ఒక తక్కెడలో తూచడం అన్యాయమని మీరంటారు. ఒప్పుకొంటాను. ఆటగాడు తన పేరు తానే నమోదు చేసుకొంటాడు. వచ్చిన సొమ్ము అతనిదే. 2014లో ఈ కబడ్డీ పోటీలు మొదలైనప్పుడు అందరికంటె ఎక్కువ పలికిన రాకేశ్ కుమార్ పారితోషికం 12 లక్షల 80 వేలు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 2018లో, కోటి దాటినవారు వచ్చారు. మట్టిలో ఆడే చెడుగుడుకు ఈ వైభవం వచ్చినందుకు సంతోషించనివాడు రసికుడు కాడు. హైదరాబాదులో ఆటో నడిపిన తండ్రి కొడుకు మహమ్మద్ సిరాజ్‌కు 2017లో క్రికెట్ వేలంలో 2 కోట్ల 60 లక్షలు వచ్చాయి. ఆ సొమ్మును నిందించే నోరు నాకు లేదు. డబ్బుతో నాకు పేచీ లేదు. పేచీ రెండింటితో: ఒకటి మాట, రెండవది ఆ మాట వెనుక ఉన్న పద్ధతి.

ముందు మాట సంగతి. చిన్నయసూరి వ్యాకరణం చదివినవారికి మహత్తు, అమహత్తు అనే విభాగం తెలుసు. జడపదార్థానికి ద్వితీయావిభక్తి లేకున్నా భాష ఊరుకొంటుంది. “పుస్తకం కొన్నాను” అంటే చాలు. మనిషి దగ్గర ఊరుకోదు. “కూలివాణ్ణి పిలిచాను” అనాలే గాని “కూలివాడు పిలిచాను” అంటే అర్థమే మారిపోతుంది. మనిషికీ వస్తువుకూ నడుమ మన భాష కట్టిన చిన్న గట్టు అది. ఈమధ్య ఒక వ్యాఖ్యాత “ఇద్దరు రైడర్లు కొన్నారు, ఒక డిఫెండరు మిగిలాడు” అనగా విన్నాను. గట్టు తెగింది. తప్పు వ్యాకరణానిది కాదు, చూపుది. మనిషిని సరుకుగా చూసిన కన్నే మనిషి పేరును జడశబ్దంగా వాడుతుంది.

హరిశ్చంద్ర నాటకంలో కాశీ వీధి ఘట్టం మన పల్లెల్లో ఎన్ని వందల సార్లు ఆడారో లెక్కలేదు. ఆలిని అమ్మి, తానూ అమ్ముడుపోయిన రాజును చూసి తెల్లవార్లూ కన్నీరు పెట్టుకొన్న జాతి మనది. అమ్మేవాడికి అదే చివరి దిక్కు అయినందుకు ఆ దుఃఖం. అదే జాతి ఈనాడు సుత్తి దెబ్బకు కేరింతలు కొడుతోంది.

ఇక పద్ధతి. వేలంలో పేరిచ్చిన ఆటగాడు ఏ ఊరికి పోవాలో తాను చెప్పలేడు. ఎవరు ఎక్కువ పాడితే వారి చొక్కా తొడగాలి. క్రికెట్‌లో పేరిచ్చి, ఎంపికయ్యాక గాయం లేకుండా రానంటే రెండేళ్ళు నిషేధం. 2025లో ఇంగ్లండు ఆటగాడు హ్యారీ బ్రూక్‌కు అది పడింది. ఇచ్చిన మాట తప్పకూడదనే నియమం మంచిదే. కాని జట్టు మాత్రం మూడేళ్ళ ఒప్పందం నడుమ ఏ ఏడాదికాయేడు ఆటగాణ్ణి వదిలివేయవచ్చు. మాట ఒక వైపునే కట్టుబడితే దాన్ని ఒప్పందం అనరాదు.

విచిత్రమేమంటే, చూడడానికి మోటుగా ఉండే వస్తుమార్పిడే ఇంతకంటె నయం. సంతలో ఉప్పుకు చింతపండు మార్చినట్లు, 2025 నవంబరులో రవీంద్ర జడేజా, శామ్ కరన్ రాజస్థాన్ జట్టుకూ సంజూ శాంసన్ చెన్నై జట్టుకూ మారారు. వినడానికి ఎబ్బెట్టుగా ఉన్నా, ఆ మార్పిడికి ఆటగాని సమ్మతి కావాలి. వేలంలో ఆ పాటి మర్యాద కూడా లేదు.

ఈ బాధ మనకొక్కరికే కాదు. 1969లో కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి బేస్‌బాల్ ఆటగాణ్ణి సెయింట్ లూయిస్ జట్టు అతని మాట అడగకుండా ఫిలడెల్ఫియాకు మార్చింది. తాను కొని అమ్మే వస్తువును కానని అతడు ఎదురుతిరిగి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1972లో ఓడిపోయాడు. ఆట జీవితం పోగొట్టుకొన్నాడు. కాని 1975లో వేరే ఇద్దరు ఆటగాళ్ళ తగవులో మధ్యవర్తి తీర్పుతో ఆ కట్టు తెగింది. ఐరోపాలో బోస్మన్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు 1995లో న్యాయస్థానంలో గెలిచిన తరువాత, గడువు తీరిన ఆటగాడు స్వేచ్ఛగా పోవచ్చునన్నది నియమమైంది. కెనడా, అమెరికాల ఐస్ హాకీలో కుర్రవాళ్ళను జట్లు వంతుల వారీగా ఎంచుకొంటాయి. కొన్నేళ్ళు ఆడిన తరువాత మాత్రం ఆటగాడు తన జట్టును తానే ఎంచుకోవచ్చు. అక్కడ ఆటగాళ్ళకు సంఘముంది. జీతాల తగవులో 2004–05 పోటీలు మొత్తం రద్దయ్యాయి. మన క్రికెట్‌లో 2019లో ఏర్పడిన సంఘం ఆడడం మానినవారికే గాని ఆడుతున్నవారికి కాదు. అడిగే నోరు లేనివానికి ఎంత ధర కట్టినా అది ఇతరులు కట్టిన ధరే.

పోనీ, ఈ పాటల వల్ల జట్లకైనా మేలు జరిగిందా? 2008లో హైదరాబాదు జట్టు డెక్కన్ ఛార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌ను 13 లక్షల 50 వేల డాలర్లకు పాడుకొంది. 14 ఆటల్లో 2 గెలిచి అట్టడుగున నిలిచింది. నేను పైన చెప్పిన పవన్‌ను 2022లో తమిళ జట్టు 2 కోట్ల 26 లక్షలకు పైగా పాడి తీసుకొంటే, మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిని ఆ ఏడాదంతా ఆడలేకపోయాడు. మరుసటి ఏడు ఇంకా పెద్ద పాటతో తెలుగు టైటన్స్‌కు వచ్చాడు. 22 ఆటల్లో జట్టు 2 గెలిచి చివరిదయింది. ఇందులో ఆ కుర్రవాని తప్పు నాకు కనబడదు. కూతకు వెళ్ళినప్పుడు ఏడుగురు పట్టుకొంటారు. అతణ్ణి ఎనిమిదవది ఒకటి పట్టుకొంది, మెడలో వేలాడే ఆ అంకె. ఓడిన ప్రతిసారీ జనం అతని ఆటను చూడలేదు, ధరను చూశారు.

దీనికి భిన్నమైన ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2008లో పెద్ద ఆటగాళ్ళకు సొంత ఊరి జట్టులో వేలం లేకుండా, జట్టులో అందరికంటె ఎక్కువ పారితోషికంతో ‘ఐకాన్’ హోదా ఇచ్చారు. వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆ హోదాను తానుగా వదులుకొన్నాడు, జట్టు చేతిలో మరింత సొమ్ము మిగలాలని. జట్టు ఓడింది, నిజమే. కాని ఆనాడు తన వెలను తానే తగ్గించుకొన్న ఆ మనిషి వెల నా కంటికి పెరిగింది.

ఇక అసలు బాధ. ఉద్యోగ విరమణ చేశాక కూడా సాయంత్రాలు కొందరు పిల్లలు పద్యాలు చెప్పించుకోవడానికి మా ఇంటికి వస్తుంటారు. అందులో ఒకడు ఎనిమిదవ తరగతి. చెడుగుడులో చేపపిల్ల. మేము బడిలో సున్నం కొనలేక బూడిదతో గీతలు గీసిన నేల మీదనే వాడూ చెప్పుల్లేకుండా ఆడుతున్నాడు. 2024 నవంబరులో జెడ్డా వేలంలో వైభవ్ సూర్యవంశీ అనే 13 ఏళ్ళ బాలునికి రాజస్థాన్ జట్టు 1 కోటి 10 లక్షలు పాడిందన్న వార్త వచ్చిన మరునాడు వీడు నన్ను అడిగాడు: “మాస్టారండీ, నేను ఎంత పలుకుతాను?”

వైభవ్ ఆ తరువాతి వేసవిలోనే 35 బంతుల్లో నూరు పరుగులు చేసి నోళ్ళు మూయించాడు. ఆ బిడ్డ ప్రతిభకు నా ఆశీస్సులు. నా భయం మా వాని గురించి. “ఎలా ఆడుతున్నాను?” అని అడగవలసిన వయసులో “ఎంత పలుకుతాను?” అని అడిగాడు. వచ్చే ఏడు “పలకలేదు” అని తేలితే వాడు ఆట మానుతాడు. నిజానికి వాణ్ణి చూడడానికి ఈ కొండ ఎక్కి వచ్చినవారు ఎవరూ లేరు.

“నీకు వెల లేదురా” అన్నాను. వాని ముఖం వాడిపోయింది. పనికిరానివాడివన్నానని అనుకొన్నాడు. వెలలేనిది అంటే అమూల్యమని, కొనలేనంత గొప్పదని అరగంట సేపు చెప్పాను. తల ఊపాడు గాని నమ్మినట్లు లేదు. టీవీ భాష ముందు పంతులు భాష ఓడిపోయింది.

అందుకే ఈ టపా. మీరంతా మాటలు చేసినవారు. పోస్టును ‘టపా’ అనీ కామెంటును ‘వ్యాఖ్య’ అనీ పదిమంది మొదలుపెడితే వేలమంది నోట నిలిచింది. ఆ చేవతోనే ఇదొకటి చేద్దాం. “కొన్నారు” బదులు “తీసుకొన్నారు” అందాం. “అమ్ముడుపోయాడు” బదులు “ఒప్పందం కుదిరింది” అందాం. “అమ్ముడుపోలేదు” బదులు “ఈసారి ఎంపిక కాలేదు” అందాం. “ధర” మాని “పారితోషికం” అందాం. మాట మారితే పద్ధతి తానే మారదని నాకు తెలుసు. పద్ధతి మార్చమని అడగడానికి ముందు అది తప్పని తోచాలి, తోచడానికి మాట కావాలి. అడగవలసినవి మూడు. ఆటగాడు తనకు ఇష్టమైన జట్లను ముందుగా చెప్పుకొనే వీలుండాలి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలను పాటలో నిలపరాదు. వేలంలో పెట్టే సొమ్ములో కొంత భాగం చెప్పుల్లేని పిల్లలు ఆడే బడి మైదానాలకు పోవాలి.

ఆ కొండరెడ్డి పెద్దాయన మళ్ళీ సంతలో కనబడ్డాడు. “ఆ పిల్లాడి అప్పు తీరిందా మాస్టారూ?” అని అడిగాడు. ఇంకా లేదని చెప్పాను.

ఇక మీ వ్యాఖ్యలు. నా తప్పులుంటే మొగమాటం లేకుండా చెప్పండి.