భర్త అమెరికాలో.. భార్య వేములపల్లిలో: ట్యాక్స్ ఫామ్‌లో పెట్టే ఒక్క టిక్కు, వీసా ఫైల్ దాకా వెళ్తుంది!

పెళ్లి అయింది. అబ్బాయి సెలవు అయిపోగానే డాలస్ ఫ్లైట్ ఎక్కేశాడు. అమ్మాయి వేములపల్లిలోనో, మిర్యాలగూడలోనో, కోదాడలోనో వీసా కోసం ఎదురుచూస్తోంది. నల్గొండ, సూర్యాపేట జిల్లాల్లో ఇది చాలా ఇళ్లలో కనిపించే సీనే. ఇప్పుడు ఆ ఇళ్లలో వీసాతో పాటు ఇంకో టెన్షన్ కూడా మొదలైంది. అదే అమెరికా ట్యాక్స్ రిటర్న్.

2025 ఆదాయానికి రిటర్న్ వేయాల్సిన గడువు 2026 ఏప్రిల్ 15. ఆ ఫామ్‌లో మొదట్లోనే అడిగే ప్రశ్న.. మీ ఫైలింగ్ స్టేటస్ ఏంటి? సింగిలా? మ్యారీడా? జాయింటా? సెపరేటా?

"భార్య ఇంకా ఇక్కడికి రాలేదు కదా, సింగిల్ అని పెట్టేయ్" అని రూమ్‌మేట్ చెప్తాడు. "జాయింట్ పెడితే వేల డాలర్లు మిగులుతాయి" అని ఆఫీసులో ఇంకొకరు చెప్తారు. మొదటిది తప్పు. రెండోది నిజమే కానీ సగమే. మిగతా సగం వేములపల్లిలో ఉన్న అమ్మాయి సంతకంతో ముడిపడి ఉంది.

డిసెంబర్ 31 రాత్రికి మీరెవరు?

అమెరికా ట్యాక్స్ శాఖ ఐఆర్ఎస్ చూసేది ఒక్కటే. డిసెంబర్ 31 నాటికి పెళ్లయిందా, లేదా? భార్య ఏ దేశంలో ఉంది, వీసా వచ్చిందా రాలేదా అన్నది ఆ ప్రశ్నకు సంబంధం లేదు.

అమెరికాలో ఉండే అబ్బాయిల పెళ్లిళ్లు ఎక్కువగా డిసెంబర్ సెలవుల్లోనే జరుగుతుంటాయి. డిసెంబర్ 28న తాళి కట్టినా సరే, ఐఆర్ఎస్ లెక్కలో ఆ ఏడాది మొత్తం పెళ్లయిన వ్యక్తే. ఇంకా మన దగ్గర రిజిస్ట్రేషన్ చేయించలేదు కాబట్టి పెళ్లి కానట్టే అనుకోవడం కూడా కుదరదు. శాస్త్రోక్తంగా జరిగిన హిందూ వివాహం ఇండియా చట్టం ప్రకారం చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ దానికి రుజువు మాత్రమే. ఇండియాలో చెల్లిన పెళ్లిని ఐఆర్ఎస్ కూడా పెళ్లిగానే చూస్తుంది.

అందుకే సింగిల్ అనే ఆప్షన్ అసలు లేదు. మిగిలినవి రెండే: జాయింట్, లేదా మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్లీ.

హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ అనే ఇంకో కేటగిరీ ఉంది. దాన్ని కూడా కొందరు వాడేస్తుంటారు. దానికి అర్హత ఉన్న పిల్లలో, ఇతర డిపెండెంట్లో ఉండాలి. అమెరికాలో లేని భార్యను అందుకు చూపించలేరు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు ఇండియా పౌరులు, ఇండియా నివాసులు అయితే డిపెండెంట్ల కింద రారు.

లెక్క చూస్తే ఎంత తేడా?

ఒక ఉదాహరణ చూద్దాం. భర్త జీతం ఏడాదికి 90,000 డాలర్లు. భార్యకు ఇక్కడ ఆదాయం ఏమీ లేదు.

- సెపరేట్‌గా వేస్తే: 2025కి స్టాండర్డ్ డిడక్షన్ 15,750 డాలర్లు. ఫెడరల్ ట్యాక్స్ సుమారు 11,249 డాలర్లు.
- జాయింట్‌గా వేస్తే: స్టాండర్డ్ డిడక్షన్ 31,500 డాలర్లు. ట్యాక్స్ సుమారు 6,543 డాలర్లు.

తేడా 4,700 డాలర్ల పైనే. మన డబ్బుల్లో 4 లక్షల రూపాయలకు పైమాటే. సెపరేట్‌గా వేస్తే చదువు కోసం తీసుకున్న లోన్ వడ్డీపై వచ్చే మినహాయింపు కూడా పోతుంది. ఎంఎస్ లోన్ ఇంకా కడుతున్న వాళ్లకు ఇది అదనపు దెబ్బ.

ఇంత లాభం కళ్ల ముందు కనిపిస్తుంటే ఎవరైనా జాయింటే అంటారు. అసలు మెలిక ఇక్కడే ఉంది.

జాయింట్ అంటే భార్య కూడా 'అమెరికా రెసిడెంట్'

భార్య అమెరికా గడ్డ మీద కాలు పెట్టకపోయినా జాయింట్ రిటర్న్ వేయొచ్చు. అమెరికా ట్యాక్స్ కోడ్‌లోని సెక్షన్ 6013(జీ) ఆ అవకాశం ఇస్తుంది. షరతు ఏంటంటే, ఏడాది చివరి రోజుకు భర్త అమెరికా పౌరుడో, ట్యాక్స్ లెక్కలో రెసిడెంటో అయి ఉండాలి. భార్యను కూడా రెసిడెంట్‌గానే చూడండి అంటూ ఇద్దరూ సంతకాలు చేసిన ఒక ప్రకటనను రిటర్న్‌కు జత చేయాలి.

ఆ సంతకం పెడితే ఆ ట్యాక్స్ ఏడాది మొత్తానికి భార్యకు ప్రపంచంలో ఎక్కడ ఆదాయం వచ్చినా అమెరికా లెక్కలోకి వస్తుంది. అంటే మిర్యాలగూడ బ్యాంకులో ఉన్న ఎఫ్‌డీ వడ్డీ, స్కూల్లో టీచర్‌గా వచ్చే జీతం, ఇంటి అద్దె.. అన్నీ.

సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఉన్న కుటుంబాలు ముఖ్యంగా గమనించాల్సింది ఇంకోటి ఉంది. వ్యవసాయ ఆదాయం మీద ఇండియాలో ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. అమెరికాలో ఆ మినహాయింపు లేదు. పసుపు కుంకుమ కింద అమ్మాయి పేరు మీద రాసిచ్చిన రెండెకరాల వరి పొలం మీద కౌలు వస్తుంటే, జాయింట్ రిటర్న్‌లో దాన్ని చూపించాల్సిందే.

పొలం అమ్మితే సంగతి ఇంకా పెద్దది. మున్సిపాలిటీ హద్దులకు దూరంగా ఉన్న పల్లె పొలం అమ్మితే ఇక్కడ క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్స్ పడదు. జాయింట్ ఎంచుకున్నాక అమ్మితే ఆ లాభం అమెరికా రిటర్న్‌లోకి వెళ్తుంది. ఎకరం ధర లక్షల్లో పలికే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

'ఇక్కడ కట్టిన ట్యాక్స్ అక్కడ తగ్గించరా?'

తగ్గిస్తారు. ఇండియాలో కట్టిన ఇన్‌కమ్ ట్యాక్స్‌కు ఫామ్ 1116 ద్వారా క్రెడిట్ అడగొచ్చు. కానీ ఇక్కడ ట్యాక్స్ కట్టి ఉంటేనే అక్కడ క్రెడిట్. కొత్త విధానంలో 12 లక్షల దాకా మామూలు ఆదాయం ఉన్న వాళ్లకు రిబేట్‌తో ఇక్కడ ట్యాక్స్ సున్నా. కౌలు మీద ఎలాగూ లేదు. కట్టింది సున్నా అయితే క్రెడిట్ కూడా సున్నానే.

అలాగని భయపడాల్సిన పని కూడా లేదు. పైన చెప్పిన ఉదాహరణలోనే భార్యకు ఏడాదికి 6,000 డాలర్లు, అంటే 5 లక్షల పైచిలుకు రూపాయల ఆదాయం ఉందనుకుందాం. దానివల్ల జాయింట్ ట్యాక్స్ పెరిగేది 720 డాలర్లే. సెపరేట్‌తో పోలిస్తే అప్పటికీ 3,900 డాలర్లకు పైగా మిగులుతుంది. భార్య ఆదాయం తక్కువగా ఉన్న ఇళ్లలో లెక్క ఎక్కువగా జాయింట్ వైపే మొగ్గుతుంది. పెద్ద జీతం ఉన్నా, ఆ ఏడాది పొలమో ప్లాటో అమ్మినా, మ్యూచువల్ ఫండ్ సిప్‌లు ఉన్నా ఆగి లెక్క వేసుకోవాలి. ఇండియా మ్యూచువల్ ఫండ్లను అమెరికా ప్రత్యేక కేటగిరీలో పెట్టి చూస్తుంది. ఫామ్ 8621 అనే గజిబిజి ఫామ్ మీద పడుతుంది.

భర్త పేరు మీద, లేదా భార్యతో కలిపి జాయింట్‌గా ఉన్న ఇండియా ఖాతాల్లో మొత్తం ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ రిపోర్ట్ విడిగా ఇవ్వాలి. సెపరేట్‌గా వేసినా ఇది తప్పదు.

పాస్‌పోర్ట్ ఆస్టిన్‌లో.. ఇంటర్వ్యూ ముంబైలో!

జాయింట్ రిటర్న్‌కు భార్యకు ఒక నంబర్ కావాలి. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదు కాబట్టి ఐటిన్ తీసుకోవాలి. ఇందుకు ఫామ్ డబ్ల్యూ-7 నింపి, ట్యాక్స్ రిటర్న్‌తో కలిపి పంపాలి. రుజువుగా ఒరిజినల్ పాస్‌పోర్ట్, లేదా దాన్ని జారీ చేసిన శాఖే ధ్రువీకరించిన కాపీ అడుగుతారు. నోటరీ కాపీ చెల్లదు.

ఒరిజినల్ పంపితే అది వెళ్లేది టెక్సాస్‌లోని ఆస్టిన్‌కు. ప్రాసెసింగ్‌కు ఐఆర్ఎస్ చెప్పే టైమ్ 7 వారాలు. జనవరి 15 నుంచి ఏప్రిల్ 30 మధ్య పంపినా, విదేశం నుంచి పంపినా 9 నుంచి 11 వారాలు.

సరిగ్గా ఆ టైమ్‌లోనే వీసా ఇంటర్వ్యూ డేట్ వస్తే? చేతిలో పాస్‌పోర్ట్ లేకుండా కాన్సులేట్‌కు వెళ్లలేరు.

దీనికి దారి ఉంది. ఐఆర్ఎస్ గుర్తింపు ఇచ్చిన సర్టిఫైడ్ యాక్సెప్టెన్స్ ఏజెంట్లు పాస్‌పోర్ట్‌ను చూసి, ధ్రువీకరించి, వెంటనే తిరిగి ఇచ్చేస్తారు. దేశాల వారీగా వాళ్ల జాబితా ఐఆర్ఎస్ సైట్‌లోనే ఉంది. వీసా లైన్‌లో ఉన్న వాళ్లకు ఇదే సేఫ్.

ఇంకో మార్గం కూడా ఉంది. ముందు గడువులోగా సెపరేట్‌గా వేసేయొచ్చు. అప్పుడు భార్య నంబర్ అడిగే చోట 'ఎన్ఆర్ఏ' అని రాస్తే చాలు. ఆమె వచ్చి నంబర్ తీసుకున్నాక, 3 ఏళ్ల లోపు ఫామ్ 1040-ఎక్స్‌తో జాయింట్‌కు మార్చుకుని తేడా వెనక్కి తీసుకోవచ్చు. గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, సెపరేట్ నుంచి జాయింట్‌కు మారొచ్చు. గడువు దాటాక జాయింట్ నుంచి సెపరేట్‌కు మారడం కుదరదు.

వీసాకూ దీనికీ లింకేంటి?

భర్త అమెరికా పౌరుడో, గ్రీన్ కార్డ్ హోల్డరో అయితే భార్య కోసం ఐ-130 పిటిషన్ వేస్తాడు. ఆ తర్వాత ఐ-864 అనే ఆర్థిక హామీ పత్రం ఇవ్వాలి. దానికి తాజా ఫెడరల్ ట్యాక్స్ రిటర్న్ జత చేయాలి. ఇండియా నుంచి వెళ్లే ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూలు జరిగేది ముంబై కాన్సులేట్‌లో. అక్కడ ఆఫీసర్ టేబుల్ మీద రెండు కాగితాలు పక్కపక్కనే ఉంటాయి. మ్యారేజ్ సర్టిఫికెట్‌లో పెళ్లి డేట్ ఉంటుంది. ట్యాక్స్ రిటర్న్‌లో 'సింగిల్' అని ఉంటే?

పెళ్లి నిజమైనదేనా అన్న అనుమానం అక్కడే మొదలయ్యే ప్రమాదం ఉంది. ఇప్పటికే సింగిల్ అని వేసేసిన వాళ్లు ఇంటర్వ్యూకు ముందే 1040-ఎక్స్‌తో సరిదిద్దుకోవడం మంచిది.

హెచ్-1బీ భర్త, హెచ్-4 కోసం ఎదురుచూసే భార్య విషయంలో ఐ-864 అవసరం లేదు. కానీ ఎదురుచూపు మాత్రం పెరిగింది. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలనూ పరిశీలించడం మొదలైంది. దాంతో ఇండియాలో చాలా మంది అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి వెళ్లాయి. ఒక ట్యాక్స్ సీజన్‌లో తేలిపోతుందనుకున్న సమస్య రెండో సీజన్‌కు కూడా వస్తోంది.

ఎఫ్-1, ఓపీటీ మీద ఉన్న వాళ్ల సంగతి వేరు. వాళ్లు సాధారణంగా మొదటి 5 క్యాలెండర్ ఏళ్లు ట్యాక్స్ లెక్కలో నాన్ రెసిడెంట్లు. భార్యాభర్తలిద్దరూ నాన్ రెసిడెంట్లే అయితే జాయింట్ దారి మూసుకున్నట్టే. 1040-ఎన్ఆర్ మీద సెపరేట్‌గానే వేయాలి.

సంతకం పెట్టే ముందు అమ్మాయి అడగాల్సినవి

ఈ చర్చంతా ఎక్కువగా భర్త ఫోన్‌లో, అక్కడి ట్యాక్స్ కన్సల్టెంట్‌తో అయిపోతుంది. వేములపల్లికి వచ్చేది వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్, "ఇక్కడ సంతకం పెట్టి స్కాన్ చెయ్" అనే మెసేజ్. అది ఉత్త ఫార్మాలిటీ కాదు.

- బాధ్యత ఇద్దరిదీ: జాయింట్ రిటర్న్‌లో తప్పులున్నా, ట్యాక్స్ బకాయి పడినా భార్యాభర్తల్లో ఎవరినుంచైనా మొత్తం వసూలు చేసే హక్కు ఐఆర్ఎస్‌కు ఉంటుంది. రేపు కాపురం చెడినా ఆ ఏడాది రిటర్న్ మీద బాధ్యత పోదు.
- ఒక్కసారే అవకాశం: భార్యను రెసిడెంట్‌గా చూడమన్న ఎంపిక ఆ ఒక్క ఏడాదితో ఆగదు, తర్వాతి ఏళ్లకూ కొనసాగుతుంది. మధ్యలో రద్దు చేసుకుంటే ఆ ఇద్దరూ మళ్లీ జీవితంలో ఆ ఎంపిక చేసుకోలేరు. వచ్చే రెండు మూడేళ్లలో పొలం అమ్మే ఆలోచన ఉంటే ముందే మాట్లాడుకోవాలి.
- కాపీ తీసుకోవాలి: రిటర్న్ మొత్తం, ప్రకటన, డబ్ల్యూ-7.. మూడింటి కాపీలు అమ్మాయి దగ్గర ఉండాలి. అందులో భర్త జీతం, చిరునామా, పాత బకాయిలు ఏమైనా ఉంటే అవి కూడా తెలుస్తాయి.
- ఐటిన్ అంటే వీసా కాదు: అది ట్యాక్స్ నంబర్ మాత్రమే. దానివల్ల వీసా త్వరగా రాదు, ఉద్యోగ హక్కు కూడా రాదు. అలా చెప్పి డబ్బులు అడిగే ఏజెంట్లను నమ్మొద్దు.

చివరగా..

గడువులోగా తేల్చుకోలేకపోతే ఫామ్ 4868తో అక్టోబర్ 15 దాకా టైమ్ అడగొచ్చు. అయితే అది ఫామ్ వేయడానికే. కట్టాల్సిన డబ్బు మాత్రం ఏప్రిల్ 15కే కట్టాలి, లేదంటే వడ్డీ పడుతుంది. రిటర్న్ తయారు చేసేవాళ్లు సీపీఏనో, ఎన్‌రోల్డ్ ఏజెంటో అని చూసుకోవాలి. పెళ్లయిందని చెప్పినా "సింగిల్ పెట్టేద్దాం, ఎవరు చూస్తారు" అనే కన్సల్టెంట్ దగ్గర ఆగొద్దు. అతను మిగిల్చేది ఏమీ ఉండదు. రేపు ముంబైలో ఆ టిక్కుకు సమాధానం చెప్పుకోవాల్సింది వేములపల్లి అమ్మాయే.