ఆపరేషన్ సక్సెస్, త్రేన్పు బంద్

"ఆపరేషన్ సక్సెస్" అంటారు గదా, ఆ సక్సెస్‌ని కొలిచే టేపు ఎవరి చేతిలో ఉంది?

ఎసిడిటీకి ఫండోప్లికేషన్ చేయించుకుని నాకు ఐదేళ్లు. గుండెల్లో మంట లేదు. పుల్లటి నీళ్లు గొంతులోకి రావు. ఎండోస్కోపీ క్లీన్. మా ఆఫీసు భాషలో టికెట్ క్లోజ్డ్. కాకపోతే నాకు త్రేన్పు రాదు. వాంతి వచ్చినట్టే ఉంటుంది, రాదు. రాత్రి గుప్పెడు అన్నం తిన్నా పొట్ట డప్పులా బిగుసుకుంటుంది. అప్పుడు రామంతాపూర్ నుంచి హబ్సిగూడ మీదుగా తార్నాక దాకా, ఓపికుంటే యూనివర్సిటీ క్యాంపస్ లోపలికీ నడుస్తాను. గాలికి మిగిలింది కిందిదారి ఒక్కటే, దానికి జనం లేని రోడ్డు కావాలి. దారిలో జాతీయ పోషకాహార సంస్థ కనిపిస్తుంది. మనం తినే గింజల్లో ఏమేముందో గ్రాముల్లో లెక్కగట్టిన చోటు. మరి తిన్నాక పడే పాట్లకి లెక్క?

ఉంది. నా కోపమంతా అదే.

రుడాల్ఫ్ నిస్సెన్ 1955లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక కింది కొస చుట్టూ 360 డిగ్రీలు మఫ్లర్‌లా చుట్టి కుట్టేస్తారు. ఆమ్లం పైకి రాదు. అన్నంతో పాటు మింగిన గాలీ రాదు. ఆ ముడికి ఆమ్లానికీ గాలికీ తేడా తెలీదు మరి. (1948లో ఐన్‌స్టీన్ కడుపులో ఉబ్బిన రక్తనాళానికి సెలోఫేన్ చుట్టిందీ ఈ నిస్సెనే. చుట్టడం ఆయనకి అలవాటులా ఉంది.) 1963లో టూపే చుట్టూ పూర్తిగా కాకుండా సగం సగంగా చుట్టే పద్ధతి తెచ్చాడు, ఇప్పుడు దాన్ని 270 డిగ్రీలు చుడుతున్నారు, గాలి బాధ కొంత తక్కువ. అంటే సర్జన్లకి సంగతి కొత్త కాదు.

2011లో జామా పత్రికలో లోటస్ ట్రయల్ ఫలితాలొచ్చాయి. యూరప్‌లో 554 మంది. ఐదేళ్లకి పుల్లటి నీళ్ల బాధ సర్జరీ వాళ్లలో 2 శాతం, మాత్రల వాళ్లలో 13. ఉబ్బరం సర్జరీ వాళ్లలో 40, మాత్రల వాళ్లలో 28. కిందిగాలి 57, 40. మింగడంలో ఇబ్బంది 11, 5. ఇది మోసం కాదు, బేరం. మాత్రలకి లొంగని వాళ్లకి మంచి బేరమే కావచ్చు. కానీ బేరమాడేటప్పుడు ఖరీదు చెప్పాలి కదా! నా చేత సంతకం పెట్టించిన ఇంగ్లిష్ ఫారంలో "గ్యాస్ బ్లోట్" అని రెండు పదాలున్నాయి. "ఇక మీకు త్రేన్పు రాకపోవచ్చు, వాంతి చేసుకోలేకపోవచ్చు." ఆరు తెలుగు మాటలు. ఎవరూ అనలేదు. తర్వాత వెళ్లి చెప్పుకుంటే జూనియర్ డాక్టరు నవ్వాడు: "త్రేన్పులు లేకపోతే మంచిదేగా సార్!"

ఆ నవ్వులో మన రచయితలకీ వాటా ఉంది. కథల్లో గుండెకి, కేన్సర్‌కి దక్కే మర్యాద పేగుకి దక్కదు. గ్యాస్ అనగానే కామెడీ ట్రాక్. ఆస్పత్రి కథ డిశ్చార్జ్ రోజున అయిపోతుంది, అసలు కథ ఆ రాత్రి భోజనంతో మొదలవుతుంటే. బ్రేవుమని త్రేన్చితేనే వడ్డించినవాళ్ల మనసు నిండే ఊళ్ల నుంచి వచ్చాం మనం. మా అమ్మమ్మ ఇప్పటికీ నా కంచం దగ్గర్నించి లేవదు. "కడుపు నిండలేదా నాన్నా, ఇంకాస్త పెరుగన్నం కలపనా?" అంటుంది. ఆమెకి లోటస్ ట్రయల్ ఏ మాటల్లో చెప్పను?

చుట్టు విప్పి, కొంచెం వదులుగా మళ్లీ కుట్టొచ్చట. రెండోసారి రిస్క్ ఎక్కువట. ఫారం చేతికిచ్చారు, చదువుకుని రమ్మని. అదీ ఇంగ్లిష్‌లోనే ఉంది.