‘డమాస్కస్’ అని రాసుంటే ఒక్క నిమిషం ఆగండి: కత్తుల కలెక్షన్ మీద నా మాట

ఫోన్లు, ఇయర్‌బడ్స్ మధ్యలో కత్తుల గోల ఏంటి అనుకుంటున్నారా? పాకెట్ నైఫ్ కూడా గ్యాడ్జెటే బాస్. స్పెక్ షీట్ ఉంటుంది, ఫ్లాగ్‌షిప్ ఉంటుంది, బడ్జెట్ కిల్లర్ ఉంటుంది, రాత్రి రెండింటికి చూసే అన్‌బాక్సింగ్ వీడియోలూ ఉంటాయి. పైగా ఛార్జింగ్ పెట్టక్కర్లేదు, అప్‌డేట్ ఆగిపోయిందని ఏడవక్కర్లేదు.

నా దగ్గర నాలుగున్నాయి. ఎక్కువ వాడేది ఒపినెల్ నంబర్ 8. 1890 నుంచి ఫ్రాన్స్‌లో చేస్తున్న కత్తి. చెక్క పిడి, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల బ్లేడు, 1955లో చేర్చిన తిరిగే రింగు లాక్, అంతే. కార్బన్ స్టీల్ వెర్షన్ తీసుకుంటే మాత్రం ఓపిక ఉండాలి. మామిడికాయ కోసి తుడవకుండా పెడితే మచ్చ పడుతుంది. కొన్ని నెలలకి బ్లేడంతా బూడిద, నీలం కలిసిన రంగుకి తిరుగుతుంది. ఆ రంగు మీ చేతివాడకంతోనే వస్తుంది, ఎంత డబ్బు పెట్టినా ఎవరూ కొనలేరు. ఒక విక్టోరినాక్స్ ఉంది, ఆఫీసులో ఎవరికి పార్సిల్ వచ్చినా నా డెస్క్ దగ్గరికే వస్తారు. ఒక లెదర్‌మ్యాన్. నాలుగోది భువనగిరిలో కమ్మరి దగ్గర లారీ కమాను పట్టీతో కొట్టించుకున్నది.

ఆ కమ్మరి తాత నన్ను అడిగిన మొదటి మాట “దీంతో ఏం కోస్తవ్ బిడ్డా?” అని. కూరగాయలకైతే పల్చగా, కొమ్మలకైతే మందంగా కొడతాడట. ఇన్నేళ్లలో ఏ షాపింగ్ యాప్ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

అసలు టెంప్టేషన్ మొదలయ్యేది స్టీల్ పేర్ల దగ్గర. డీ2తో మొదలుపెడతాం. తర్వాత ఎస్30వీ అంటాం, ఎం390 అంటాం, 2021లో వచ్చిన మ్యాగ్నాకట్ దాకా వెళ్తాం. హార్డ్‌నెస్ 58కి బదులు 60 ఉందని రెట్టింపు డబ్బు పెడతాం. అంటుటు స్కోర్ చూసి ఫోన్ కొనడం లాంటిదే ఇది. పదును నిలవడం, విరగకుండా తట్టుకోవడం, తుప్పు పట్టకపోవడం, ఈ మూడింట్లో ఒకటి పెంచితే ఇంకోటి ఎంతోకొంత తగ్గుతుంది. పైగా స్టీల్ పేరు సగం కథే. ఒకే స్నాప్‌డ్రాగన్ చిప్ ఒక ఫోన్‌లో చల్లగా, ఇంకో ఫోన్‌లో పెనంలా ఉండదూ? అలాగే ఒకే స్టీల్‌ని ఒకరు సరిగ్గా కాల్చి చల్లారుస్తారు, ఒకరు చెడగొడతారు. హీట్ ట్రీట్‌మెంట్ గురించి ఒక్క ముక్క చెప్పని లిస్టింగ్‌ని నేను నమ్మను.

ఇక డమాస్కస్. బ్లేడు మీద నీటి అలల్లాంటి గీతలు, చూస్తే మతిపోతుంది, నిజమే. కానీ ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం రెండు రకాల స్టీలు పొరలు పొరలుగా అతికి, యాసిడ్‌తో గీతలు తేల్చినవి. మంచి పనివాడు చేస్తే అవీ మంచి కత్తులే. మరీ చవకవాటిలో మామూలు స్టెయిన్‌లెస్ మీద లేజర్‌తో డిజైన్ కొట్టి పంపుతారు. మనం ఫోన్ బ్యాక్‌కి వేసే స్కిన్ టైపు.

ఒరిజినల్ ఎక్కడిదో తెలిస్తే ఇంకా మండుతుంది. పాత డమాస్కస్ బ్లేడ్లకి ముడిసరుకు వూట్జ్ స్టీల్. ఆ పేరు మన ‘ఉక్కు’ మాట నుంచే పుట్టిందని చెప్తారు. అది తయారైన ఊళ్లలో ఒకటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. ఇనుముని మట్టి మూసలో పెట్టి, గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లార్చేవాళ్లు. ఆ ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు అంత దూరం వచ్చేవాళ్లు. ఫారడే, అవును కరెంటు ఫారడేనే, 1819లో ఈ వూట్జ్ మీద పేపర్ రాశాడు. ఆ అలల గీతలకి కారణం ఖనిజంలో అతి కొంచెంగా ఉన్న వెనేడియం లాంటి మూలకాలని 1990ల్లో వెర్హోవెన్, పెండ్రే తేల్చారు. ఇప్పటి ఎస్30వీలో దాదాపు 4 శాతం ఉన్నదీ ఆ వెనేడియమే! కోనసముద్రం ఉక్కుని సిరియా ఊరి పేరుతో, లేజర్ ప్రింట్ వేసి మనకే అమ్ముతుంటే మనం ఫైవ్ స్టార్ ఇస్తున్నాం.

ఇంకో రకం టెంప్టేషన్ ఉంది, ఇది సీరియస్. సైజు. చిన్న కత్తులు బోర్ కొట్టి ‘కంబాట్’, ‘టాక్టికల్’ అని రాసున్న పొడుగువాటి మీదికి కళ్లు పోతాయి. ఆర్మ్స్ రూల్స్ 2016 ప్రకారం ఇంటి పనికి, వ్యవసాయానికి, సైన్స్‌కి, పరిశ్రమకి చేసినవి కాకుండా, బ్లేడు 9 అంగుళాల కంటే పొడుగు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉంటే ఆయుధాల లిస్టులోకి వస్తుంది. యాప్‌లో దొరికింది కాబట్టి ఓకే అనుకోవద్దు. తల్వార్‌తో బర్త్‌డే కేక్ కోసి, రీల్ పెట్టి, స్టేషన్‌కి వెళ్లినవాళ్ల వార్తలు మీరూ చూసే ఉంటారు. ఫాలోవర్ల కోసం కత్తి తిప్పేవాడిని నేను కలెక్టర్ అనను. వాడి వల్ల బ్యాగులో చిన్న ఒపినెల్ పెట్టుకున్నవాడిని కూడా అందరూ అనుమానంగా చూస్తారు. పొడుగు బ్లేడ్ల సరదా ఉంటే భువనగిరి నుంచి యాభై కిలోమీటర్లు బండి తీసి సాలార్‌జంగ్ మ్యూజియానికి పోండి. జహంగీర్, నూర్జహాన్‌లవని చెప్పే జేడ్ పిడి బాకులు అక్కడున్నాయి.

మా దిక్కు గీత కార్మికుల కత్తులకి మోడల్ నంబర్ ఉండదు. తాటి గెలని రోజూ పల్చగా చెక్కితేనే కల్లు కారుతుంది, మొద్దు కత్తితో ఆ పని కాదు. అందుకే నూరడం వాళ్ల పనిలో భాగం. మన కలెక్టర్లలో సగం మందికి నూరడమే రాదు. పదును పోగానే కొత్తది ఆర్డర్ పెడతారు.

అందుకని ఈ హాబీలోకి వచ్చేవాళ్లకి నా సలహా: రెండో కత్తి కంటే ముందు 1000 గ్రిట్ నూరుడు రాయి కొనండి. తడిపి, సుమారు 20 డిగ్రీల కోణంలో, రెండు వైపులా సమానంగా. మొదటి వారం చిరాకొస్తుంది. ప్రాక్టీస్‌కి ఇంట్లో కూరగాయల కత్తి తీసుకోండి. “ఇంట్ల కత్తిపీట ఉండంగ ఇన్ని కత్తులెందుకురా” అనే మా అమ్మ కూడా, ఇప్పుడు తన కత్తి మొద్దుబారితే నా టేబుల్ మీదే పెట్టిపోతోంది.