ఆదివారం వంటగది

విశ్రాంతి దినపు ఆజ్ఞ బైబిల్లో రెండు చోట్ల కనిపిస్తుంది. చెప్పిన కారణాలు మాత్రం వేరు. నిర్గమకాండం 20వ అధ్యాయం సృష్టిని చూపిస్తుంది: దేవుడే ఏడో దినాన విశ్రమించాడు కనుక మనిషీ పని ఆపాలి. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం ఐగుప్తును గుర్తు చేస్తుంది: ఒకప్పుడు బానిసలుగా బతికినవాళ్లు ఇప్పుడు తమ దాసుడికీ దాసికీ తమతోపాటు విశ్రాంతి ఇవ్వాలి. కొడుకు, కూతురు, పనివాళ్లు, ఎద్దు, గాడిద, ఊళ్లో ఉంటున్న పరదేశి అందరూ ఆ జాబితాలో ఉన్నారు. భార్య మాత్రం లేదు. ‘నీవు’ అన్నప్పుడే ఆమె కూడా అందులో ఉందని వ్యాఖ్యాతలు అంటారు. ఆ మాట ఇళ్లలో ఎంతవరకు చెల్లిందన్నది వేరే సంగతి.

నిజానికి ధర్మశాస్త్రం వంటింటిని మరిచిపోలేదు. అరణ్యంలో ఆరో రోజున మన్నా రెండింతలు దొరికింది. కాల్చుకునేదీ వండుకునేదీ ఆ రోజే ముగించమని మోషే చెప్పాడు. విశ్రాంతి దినాన ఇళ్లలో నిప్పు రాజేయకూడదన్న నియమం నిర్గమకాండం 35వ అధ్యాయంలో ఉంది. తూర్పు ఐరోపా యూదుల ఇళ్లలో శుక్రవారం పొద్దుగూకకముందే పొయ్యెక్కి శనివారం మధ్యాహ్నానికి వేడిగా దిగే చోలెంట్ అనే వంటకం ఆ నియమం వల్ల పుట్టిందే.

క్రైస్తవులకు పునరుత్థాన దినమైన ఆదివారమే ఆరాధన దినమయింది. 321లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి ఆదివారం న్యాయస్థానాలు, పట్టణాల్లోని పనిశాలలు మూసివేయాలని శాసించాడు. రైతులకు మినహాయింపు ఇచ్చాడు. వంటింటి ఊసు ఎత్తలేదు.

పని ఆగినంత మాత్రాన మనసు ఆగదన్నది ఇందులో రెండో చిక్కు. 399లో మరణించిన ఎవాగ్రియస్ ఈజిప్టు ఎడారిలో సన్యాసుల మధ్య బతుకుతూ దీన్ని నిశితంగా గమనించాడు. పొద్దున పది గంటల నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా సన్యాసికి సూర్యుడు కదలనట్టే ఉంటుంది. మాటిమాటికీ కిటికీలోంచి చూస్తాడు, ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూస్తాడు. ఉన్న చోటు మీద, చేస్తున్న పని మీద విసుగు పుడుతుంది. రోగిని పరామర్శించాలన్న పుణ్యకార్యం కూడా అప్పుడు గది దాటడానికి సాకవుతుంది. చేతిలో ఫోను లేని కాలపు మనిషి గురించి రాసిన మాటలివి! పారిపోకుండా గదిలోనే కూర్చుని ఓర్చుకోవాలన్నది అతని సలహా. పరిచర్య పేరుతో ఊరూరూ తిరిగేవారికి ఆ సాకు సంగతి బాగా తగులుతుంది.

పనిలోనే విశ్రాంతి ఉందని చెప్పిన సాక్షి బ్రదర్ లారెన్స్. అసలు పేరు నికొలా హెర్మన్. యుద్ధంలో గాయపడిన సైనికుడు, తరవాత పారిస్‌లో కార్మలైట్ మఠంలో చేరి చాలా ఏళ్లు వంటవాడిగా ఉన్నాడు. 1691లో మరణించాడు. వంటపని అతనికి బొత్తిగా ఇష్టం లేదు. అయినా గిన్నెల చప్పుడు మధ్య కూడా మోకాళ్ల మీద ఉన్నప్పటి ప్రశాంతతే తనకు దొరుకుతుందని చెప్పేవాడు. ఈ సాక్ష్యం గొప్పదే. కానీ అలసిన ఆడవాళ్లకు దాన్ని ఉపదేశంగా వినిపించడం అన్యాయం. లారెన్స్ తన నెత్తిన పడిన పని గురించి చెప్పాడు, ఎదుటివారి నెత్తిన పని పెట్టడానికి కాదు.

తెలుగు సంఘాల వారాన్ని చూస్తే విశ్రాంతికి సందు కనిపించదు. ఆదివారం ఆరాధన, సండే స్కూలు, సాయంత్రం గృహ కూడిక, బుధవారం బైబిలు స్టడీ, శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకో ఆల్ నైట్ ప్రేయర్, పైగా ఆన్‌లైన్ లైవ్‌లు. వీటిలో ఏదీ చెడ్డది కాదు. అన్నీ కలిస్తే మనిషి మిగలడు. మార్త, మరియల కథ మీద ప్రసంగం జరుగుతున్నప్పుడే వెనక షెడ్డులో ప్రేమవిందుకు ఉల్లిపాయలు తరిగేది ఆ సంఘపు మార్తలు. యేసు మరియను లేపి వంటకు పంపలేదన్న సంగతి వాళ్లకు వినబడే వీలే లేదు.

పాస్టరు గతీ అంతే. అందరి విశ్రాంతి దినం ఆయనకు వారంలో అన్నిటికన్నా బరువైన పనిదినం. ఏలీయా అలసి చావు కోరుకున్నప్పుడు దూత మొదట బోధ చేయలేదు; రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. దైవసేవకుడు కాస్త నిద్రపోతే ఆత్మీయత తగ్గిందనుకునే విశ్వాసులు 1 రాజులు 19వ అధ్యాయం ఒకసారి చదవాలి.

సంఘ పెద్దలు వెంటనే చేయగలిగినవి రెండున్నాయి. పాస్టరుకు వారంలో ఒక రోజు ఫోను కూడా మోగని సెలవు ఇవ్వాలి. ప్రేమవిందు ఉన్న ఆదివారం వంటా, వడ్డనా, గిన్నెలు తోమడమూ మగవాళ్లు చూసుకోవాలి. చేతకాదంటే ఆ వారం ఎవరి క్యారియర్ వారు తెచ్చుకోవాలి.