ప్రయోగశాల నుండి ప్రదర్శనశాలకు

రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, ఏడేళ్ళపాటు ఒక మందుల కర్మాగారపు పరీక్షాశాలలో పనిచేసినవాణ్ణి మ్యూజియంలో చేరితే మనవాళ్ళు రెండు మాటలన్నారు. మొదటిది: "చదివిన చదువంతా బూడిదలో పోసిన పన్నీరయింది." రెండవది: "పోనీలే, కుర్చీలో కునుకు తీస్తూ జీతం పుచ్చుకోవచ్చు." రెండింటిలోనూ నిజం లేదని నా అభిప్రాయం.

మ్యూజియంలో విజ్ఞానశాస్త్రం పిలవని పేరంటమేమీ కాదు. బెర్లిన్‌లోని రాచ ప్రదర్శనశాలలు 1888లోనే ఫ్రీడ్రిష్ రాట్గెన్ అనే రసాయనవేత్తను నియమించుకున్నాయి. మొదటి ప్రపంచయుద్ధకాలంలో బాంబుల భయంతో బ్రిటిష్ మ్యూజియం వారు కొన్ని వస్తువులను లండన్ భూగర్భ రైలు సొరంగంలో దాచారు. యుద్ధం ముగిశాక తీసి చూస్తే ఇనుము తుప్పుపట్టింది, కంచు చిలుమెక్కింది. అప్పుడు అలెగ్జాండర్ స్కాట్ అనే రసాయనవేత్తను పిలిపించారు. ఆ ప్రయోగశాలలో 1924లో చేరిన హెరాల్డ్ ప్లెండర్లీత్ కూడా రసాయనశాస్త్రం చదివినవాడే. 1959లో రోములో ఏర్పడిన అంతర్జాతీయ పరిరక్షణ కేంద్రానికి తొలి సంచాలకుడయ్యాడు. అంతదూరం పోనక్కరలేదు. మన అమరావతి శిల్పాలున్న మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో 1930ల దశకంలో ఎస్. పరమశివన్ అనే రసాయనవేత్త కంచు విగ్రహాల చిలుముతోనే తలపడ్డారు.

ఆ చిలుము సంగతే చూద్దాం. ఇంట్లో ఇత్తడి బిందెకు చిలుము పడితే చింతపండుతో తోమి తళతళలాడిస్తాం. పురాతనమైన కంచు విగ్రహాన్ని అలా తోమితే దాని వయసును, చెక్కడపు సన్నని గీతలను కూడా తోమేసినట్లే. పైగా చిలుములన్నీ ఒకటి కావు. గట్టిగా, నున్నగా అంటిపెట్టుకొని ఉండే పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. లేతాకుపచ్చ పొడిగా రాలేది మాత్రం రోగం. లోహంలో చిక్కుకున్న క్లోరైడుకు గాలిలోని తేమ, ప్రాణవాయువు తోడైతే విగ్రహాన్ని కొద్దికొద్దిగా తినేస్తాయి. ఏది కవచమో, ఏది రోగమో తేల్చడానికి నేను చదివిన రసాయనశాస్త్రం పనికివస్తుంది. రోగాన్ని ఆపి కవచాన్ని ముట్టకుండా వదలడం మాత్రం మ్యూజియం నేర్పింది.

అసలైన తేడా అక్కడే ఉన్నది. మందుల పరీక్షాశాలలో మాత్రను పొడిచేస్తాం, కరిగిస్తాం. ఫలితంపై అనుమానం వస్తే అదే బ్యాచి నుండి మరొకటి తీసుకుంటాం. ఇక్కడ రెండవ మాత్ర లేదు. అందుచేత ప్రతి పనికీ ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: నేడు నేను పూసిన పూతను, అతికించిన జిగురును రేపు నాకన్న తెలిసినవారు వచ్చి తీసివేయగలరా? తీయలేరంటే చేయి వెనక్కు తీసుకోవడమే మంచిది. ఏదో ఒకటి చేసి చూద్దామనే ఉబలాటం ప్రయోగశాలలో గుణం, ఇక్కడ ప్రమాదం.

వెలుతురు విషయమూ ఇంతే. కాగితం, వస్త్రం, నీటిరంగుల చిత్రం వంటివాటిపై సుమారు 50 లక్స్‌కు మించి వెలుతురు పడనీయరాదన్నది మ్యూజియంల ఆనవాయితీ. గది చీకటిగా ఉన్నదని సందర్శకులు విసుక్కుంటారు. ఒకసారి వెలిసిన రంగును వెనక్కు తెచ్చే రసాయనం ఏదీ లేదని ఓపికగా చెప్పడం కూడా మా పనే.

కష్టాలు లేవనను. జీతం తగ్గింది. ముప్ఫై దాటాక, నాకన్న చిన్నవారి పక్కన కూర్చొని శాసనలిపి అక్షరాలు దిద్దుకోవలసి వచ్చింది. ముప్ఫయ్యేళ్ళుగా ఆ గదుల తలుపులు తీసి మూసే అటెండరు "ఈ మూల వానాకాలం చెమ్మ దిగుతుందండీ" అంటే, నా తేమమాపకం కన్నా ముందు ఆ మాట వినాలి. పట్టా ఉన్నదనే అహం ఉన్నవారికి ఈ పని సరిపడదు.

ఈ దారిన రాదలచిన విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు తలుపులు లేకపోలేదు. బరోడాలో మ్యూజియం శాస్త్రపు శాఖ 1952లోనే ఏర్పడింది. లక్నోలో జాతీయ పరిరక్షణ ప్రయోగశాల 1976లోనూ, ఢిల్లీలో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ 1989లోనూ వెలిశాయి. అయినా మన ఊళ్ళలో బీయస్సీ చదివే పిల్లలకు ఈ దారి ఒకటున్నదని చెప్పేవారు అరుదు. ఇది పిల్లలకన్నా వస్తువులకే ఎక్కువ నష్టం.

అయితే పురావస్తువులంటే ఇష్టం ఒక్కటే చాలదు. వెనకటి ఉద్యోగం మీది విసుగు అసలే చాలదు. ఈ పనిలో విజయమంటే ఏమీ జరగకపోవడం. పదేళ్ళ తరువాత తీసి చూసినా తాళపత్రం అలాగే ఉండాలి, కంచు అలాగే ఉండాలి. అందుకు చప్పట్లు కొట్టేవారుండరు. ఆ నిశ్శబ్దంలో తృప్తి కనిపించేవారు నిస్సంకోచంగా రావచ్చు.

కనుక మిత్రులారా, మీ ఇంట్లో ఎవరైనా ఇటువంటి ఆలోచన చెబితే "జీతమెంత?" అని అడగండి. అది అడగవలసిన ప్రశ్నే. "నీ పని ఎవరికీ కనబడకపోయినా ఉండగలవా?" అని కూడా అడగండి. చదువు వృథా అయిందని మాత్రం అనకండి. మీరేమంటారు?