ఆరిపోయిందనుకున్న వత్తి

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక సోదరి ఇలా రాశారు:

“డాక్టరు గారికి నమస్కారములు. మా అత్తవారింట్లో జానెడున్నర పొడవున్న ఇత్తడి ఫిరంగి ఒకటి వుంది. మా మామగారి చిన్నతనంలో దసరాకీ, దీపావళికీ అందులో మందు కూరి పేల్చేవారట. నలభై యేళ్లుగా అలమారలోనే వుంది. మా మరిది అమెరికాలో వుంటాడు. అక్కడ ఇలాంటి బుల్లి ఫిరంగుల కోసం ఆకుపచ్చ వత్తి చుట్టలుగా అమ్ముతారట. దీపావళికి వస్తూ ఒక చుట్ట పట్టుకొస్తానన్నాడు. పద్నాలుగేళ్ల మా అబ్బాయికి ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచీ నిద్ర లేదు. బాబాయి వచ్చేదాకా ఆగలేక టపాకాయల వత్తులు పీకి అగ్గిపెట్టెలో దాస్తున్నాడు. మామగారు ‘మేం చెయ్యలేదా, మాకేమయింది’ అంటారు. జాగ్రత్తగా పేలిస్తే ఫరవాలేదా? వత్తి యెంత పొడవుండాలి? ఇంకో సంగతి, క్రితం దీపావళికి పక్కింటి పిల్లలు నా పక్కనే బాంబు పేల్చారు. అప్పటి నుంచీ ఎడమ చెవిలో హోరుగా వుంటోంది. దీనికి మందు చెప్పగలరు.”

అమ్మా, ముందు ఒక పని చెయ్యండి. ఈ ఉత్తరం అచ్చయి మీ చేతికి వచ్చేసరికే ఆ అగ్గిపెట్టె ఎక్కడుందో వెతికి, అందులోని వత్తుల్ని బకెట్టు నీళ్లలో రాత్రంతా నాననివ్వండి. వత్తులు పీకిన టపాకాయలు కూడా ఎక్కడో వుండి వుంటాయి. వాటిని కూడా నానబెట్టండి. మిగతాది తరవాత చదువుకోవచ్చు.

మీ మామగారి మాట నేను కొట్టిపారెయ్యను. మా యింట్లోనూ నా చిన్నప్పుడు మతాబులూ, చిచ్చుబుడ్లూ, సిసింద్రీలూ పెరట్లోనే తయారయ్యేవి. బొగ్గు నూరడం పిల్లల వంతు. మాకూ ఏమీ కాలేదు. కాని ఏమీ కానివాళ్లే కూర్చుని కథలు చెబుతారు. అయినవాళ్లు చేతులు పంచె చాటున దాచుకుంటారు. క్యాజువాల్టీలో పనిచేసిన వాడికి ఈ రెండో జట్టు ఎక్కువగా కనిపిస్తుంది.

ఫిరంగిలో కూరే మందు సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన పొడి. ఇంగ్లీషు వాళ్లు దానికి పెట్టిన పేరును తెలుగు చేస్తే నల్లమందు అవుతుంది గాని, మన దగ్గర నల్లమందంటే అభిని. అంచేత తుపాకి మందు అనే అంటాను. మీ మరిది గారు చెప్పిన ఆకుపచ్చ వత్తిలో కూడా లోపల వుండేది ఈ తుపాకి మందే. దాని చుట్టూ నూలు దారాలు పెనవేసి, పైన లక్కలాంటి పూత పూస్తారు. అమెరికాలో దాన్ని విస్కో అంటారు. మంచి వత్తి అయితే సెకనుకు ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున కాలుతుంది. పూత వుండడం వల్ల నీళ్లలో ముంచినా లోపల కాలుతూనే పోతుంది. అంటే, ఒకసారి వెలిగాక కాలితో తొక్కి ఆపుదామన్నా, చెంబుడు నీళ్లు పోసి ఆపుదామన్నా ఆగదు. అక్కడి సరదాగాళ్లు కూడా ప్రతి కొత్త చుట్ట నుంచీ ఒక ముక్క కోసి, గడియారం పెట్టి ఎంతసేపట్లో కాలుతుందో చూసుకున్నాకే వాడతారు. మీ అబ్బాయి పీకిన వత్తులకు అలాంటి లెక్కేమీ వుండదు. ఒకటి చిటపటలాడుతూ పాకుతుంది, ఇంకొకటి అంటించిన క్షణంలో అవతలి కొసకు దూకుతుంది. నలిగిన చోట, మడత పడ్డ చోట ఏం జరిగేదీ చెప్పలేం.

ఇక ఆ చుట్టను విమానంలో తేవడం సంగతి. చేతి సంచిలోనే కాదు, పెట్టెలో పెట్టినా నిషేధమే. మన దేశంలో 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, దాని కింద 2008లో వచ్చిన నియమాలు ఇలాంటి వత్తికి కూడా వర్తిస్తాయి. లైసెన్సు లేకుండా దిగుమతి చెయ్యడం నేరం. దారమే కదా అని మీ మరిది గారు అనుకుంటే విమానాశ్రయంలోనే పండగ అయిపోతుంది. ఈ మాట ఆయనకు ఇవాళే ఫోను చేసి చెప్పండి.

వత్తి యెంత పొడవుండాలని అడిగారు. ఆ ఫిరంగికి నేను అంగుళం కూడా చెప్పను. కారణం వత్తి కాదు, ఫిరంగి. నలభై యేళ్లు వూరికే వున్న ఇత్తడిలో బీటలు కంటికి కనిపించవు. అసలది పేల్చడానికి పోసినదో, అలంకారానికి పోసినదో కూడా మీకు తెలియదు. పూర్వం మీ ఇంట్లో పేలింది గనక ఇప్పుడూ పేలుతుందనడానికి లేదు. పేలిన ప్రతిసారీ లోహం కొంత అలిసిపోతుంది. 1460లో స్కాట్లండు రాజు రెండవ జేమ్సుకి ఫిరంగులంటే మహా మోజు. రాక్స్‌బరో కోట ముట్టడిలో తన సొంత ఫిరంగి పక్కన నిలబడి పేల్పిస్తూ చూస్తున్నాడు. అది పగిలింది. ముక్క తొడకు తగిలి అక్కడే ప్రాణం పోయింది. రాజుగారి ఫిరంగికి ఆ రోజుల్లో దొరికే మేలైన పనివాళ్లే వుండి వుంటారు.

పగలకపోయినా ఇంకో రెండు గండాలున్నాయి. పేలిన తరవాత గొట్టం లోపల నిప్పు కణిక ఒకటి మిగిలి వుండవచ్చు. పిల్లవాడు ఉత్సాహంగా రెండోసారి మందు పోస్తాడు. అది పోస్తున్న చేతిలోనే అంటుకుంటుంది. పాతకాలపు ఫిరంగివాళ్లు ప్రతి దెబ్బకీ మధ్య తడిగుడ్డ కట్టిన కర్రతో గొట్టం తుడిచేది ఇందుకే.

రెండోది నేను ఎక్కువగా చూసింది. వత్తి కాలుతుంది, చిల్లు దాకా వస్తుంది, చప్పుడుండదు. పొగ కూడా ఆగుతుంది. అందరూ “తుస్సుమంది” అంటారు. నిజానికి చిల్లులో పేరుకున్న మసిలో నిప్పు రగులుతూ వుంటుంది. ఎవరో ఒకరు వంగి చూస్తారు. మా దగ్గరికి వచ్చే కళ్లలో చాలా భాగం ఇలా వంగి చూసిన కళ్లే. ఫిరంగి అనే కాదు, చిచ్చుబుడ్డి దగ్గరా, లక్ష్మీబాంబు దగ్గరా ఇదే కథ. 

2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో జరిగింది మీరు పేపర్లో చదివే వుంటారు. ప్లాస్టిక్ గొట్టంలో కార్బైడు వేసి, నీళ్లు చల్లి, గ్యాసు లైటరుతో పేల్చే తుపాకులు వీధుల్లో అమ్మారు. మామిడికాయలు దొంగతనంగా మగ్గబెట్టేవాళ్లు వాడే కార్బైడు అదే. భోపాల్‌లోనూ, ఇతర ఊళ్లలోనూ కలిపి వందకు పైగా జనం కళ్లకు దెబ్బలతో ఆస్పత్రులపాలయ్యారు. ఎక్కువమంది పిల్లలు. కొందరికి చూపు పోయింది. లైటరు నొక్కితే పేలలేదు, ఎందుకు పేలలేదా అని గొట్టంలోకి చూశారు, అప్పుడు పేలింది. పైగా కార్బైడు తడితో కలిస్తే మిగిలేది సున్నం. మంట కొంతసేపు కాల్చి వదిలేస్తుంది గాని, సున్నం కంటి నల్లగుడ్డు మీద కూర్చుని లోపలికి తినుకుంటూ పోతుంది.

వత్తి చరిత్రలో ఒక పుణ్యాత్ముణ్ణి తలుచుకోవాలి. ఇంగ్లండులో కార్నవాల్ అనే చోట తగరపు గనులుండేవి. అక్కడ రాళ్లు పేల్చడానికి గడ్డిపరకల్లోనూ, పక్షి ఈకల గొట్టాల్లోనూ మందు నింపి వత్తిగా వాడేవారు. ఒకోసారి తొందరగా అంటుకునేది, ఒకోసారి ఆలస్యమయ్యేది. ఆరిపోయిందని వెనక్కి వెళ్లిన కూలీలు చచ్చిపోయేవారు. విలియం బిక్‌ఫర్డ్ అనే తోళ్ల వ్యాపారి తాళ్లు పేనే చోటు చూసి, తాడు పేనుతూ పేనుతూ మధ్యలోకి మందు ధారగా వదిలితే నిలకడగా కాలుతుందని కనిపెట్టి 1831లో పేటెంటు పుచ్చుకున్నాడు. డాక్టరు కాడు. అయినా మావంటివాళ్లు చాలామంది చేసినదానికంటే ఎక్కువ కాళ్లూ చేతులూ నిలబెట్టాడని నేననుకుంటాను.

అబ్బాయిని పూర్తిగా నిరాశ పరచమని చెప్పను. పండగ పండగే. లైసెన్సున్న దుకాణంలో, తయారుచేసినవాళ్ల పేరూ, చిరునామా అచ్చయిన పెట్టెలే కొనండి. వత్తి మీద కాగితం చుట్టి వుండాలి. వత్తి మరీ పొట్టిగా వున్నా, మందు రాలుతున్నా, తడిసి ఆరిన మరకలున్నా వెనక్కి ఇచ్చెయ్యండి. సంచుల్లో విడిగా అమ్మే నాటు సరుకు, ముఖ్యంగా ఉల్లిపాయ బాంబులు, ఇంట్లోకి రానివ్వకండి. వాటికి వత్తే వుండదు, దెబ్బ తగిలితే చాలు. 2024 దీపావళి నాడు మీకు దగ్గర్లోనే, ఏలూరులో, స్కూటరు మీద తీసుకువెళుతున్న ఉల్లిపాయ బాంబులు బండి గోతిలో పడగానే పేలాయి. ఒకరు పోయారు, ఆరుగురు గాయపడ్డారు.

వెలిగించేటప్పుడు కర్ర చివర కట్టిన అగరువత్తితో, పక్కనుంచి, చెయ్యి చాచి, మొహం తిప్పుకుని వెలిగించాలి. టపాకాయ మీద రేకు డబ్బాగాని, కొబ్బరిచిప్పగాని బోర్లించకూడదు. డబ్బా ఎంత ఎత్తు ఎగురుతుందో చూడాలని పిల్లలకి సరదా. ఆ డబ్బా ముక్కలు ఎక్స్‌రేలో నేను చూశాను. పేలనిదాన్ని ఇరవై నిమిషాలు ముట్టుకోకూడదు, ఆ తరవాత దూరం నుంచి నీళ్లు గుమ్మరించాలి. రెండోసారి అంటించే ప్రశ్నే లేదు. ఈ ఇరవై నిమిషాలూ పిల్లల్ని ఆపడానికి పెద్దవాడొకడు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఆ ఉద్యోగం మీ మామగారికి అప్పగించండి. ఆయన మాట పిల్లలు వింటారు.

అయినా కాలితే ఏం చెయ్యాలి? కుళాయి కింద ఇరవై నిమిషాలు పట్టాలి. ఐసు పనికిరాదు. ఉంగరం, గాజులు, మొలతాడు వాపు రాకముందే తీసెయ్యాలి. పన్నెండేళ్ల కుర్రాడొకణ్ణి ఒకసారి తీసుకొచ్చారు, చెయ్యంతా నీలం సిరా, దాని మీద పేస్టు, దాని మీద పసుపు. ముగ్గురు చుట్టాలు మూడు రకాల వైద్యం చేశారు. కాలిన లోతు తెలియాలంటే అదంతా కడగాలి. కడుగుతున్నప్పుడు ఆ పిల్లవాడు పెట్టిన కేకలు కాలినప్పుడు కూడా పెట్టి వుండడు. నీళ్లు తప్ప ఇంకేమీ వద్దు. శుభ్రమైన ఉతికిన గుడ్డ వదులుగా కప్పి తీసుకురండి. ధనుర్వాతం సూది సంగతి మేము చూస్తాము. మొహం మీద మందు రేణువులు చిమ్మి గుచ్చుకుంటే చిన్నదే కదా అని వారం ఆగకండి. మొదటి ఒకటి రెండు రోజుల్లో మత్తు ఇచ్చి రుద్ది తీసెయ్యకపోతే పచ్చబొట్టులాగా నీలపు చుక్కలు జన్మంతా వుండిపోతాయి. ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ చుక్కలతో పెళ్లీడుకి వచ్చాక నా దగ్గరికి తెస్తారు. అప్పుడు నేను చెయ్యగలిగింది తక్కువ.

కంటికి దెబ్బ తగిలితే నలపకూడదు, నొక్కి కట్టు కట్టకూడదు. కాగితపు కప్పు బోర్లించి అంటించి, కంటి డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. సున్నంగాని, కార్బైడుగాని పడితే మాత్రం తీరు వేరు. కనిపించే పలుకుల్ని తడిలేని గుడ్డ కొసతో తీసేసి, వెంటనే అరగంట సేపు ధారగా నీళ్లతో కడిగి ఆ తరవాతే బయలుదేరాలి. కన్ను మామూలుగా కనిపిస్తోంది, నొప్పి తగ్గింది అని ఇంట్లో వుండిపోకండి. లోపల నెత్తురు చేరి, కొన్నాళ్లకు కంటి ఒత్తిడి పెరిగి చూపు పోయినవాళ్లున్నారు. హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆస్పత్రి డాక్టర్లకు దీపావళి రాత్రి ఇంటి దగ్గర పండగ వుండదు. మీ ఊళ్లో ఎవరు దగ్గరో ముందే కనుక్కుని వుంచుకోండి. 108కి ఫోను చెయ్యడానికి మొహమాటపడకండి. వేలు తెగి పడితే తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, ఆ సంచిని ఐసు వేసిన నీళ్లలో పెట్టి తీసుకురావాలి. వేలికి ఐసు నేరుగా తగలకూడదు.

ఇత్తడి ఫిరంగి పారెయ్యక్కరలేదు. పైన వున్న చిల్లులో ఊళ్లో కంసాలి చేత సీసం పోయించెయ్యండి. దసరాకి చింతపండుతో తోమి, బొట్టు పెట్టి బొమ్మల కొలువులో పెట్టుకోవచ్చు.

ఇక మీ చెవి. మన దేశంలో టపాకాయ చప్పుడు నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్సు దాటకూడదని నియమం. మీ పక్కనే పేలిందంటే ఆ నాలుగు మీటర్లు కూడా లేవన్నమాట. కర్ణభేరికి చిల్లు పడితే చాలావరకు రెండు మూడు నెలల్లో దానంతటదే పూడుకుంటుంది. లోపలి నరం దెబ్బతింటే మాత్రం మొదటి కొద్ది రోజుల్లో వచ్చివుంటే మందులతో ప్రయత్నించే వీలుండేది. ఇప్పటికి ఏడాది కావస్తోంది గనక ఆ అవకాశం దాటిపోయింది. దాచి లాభం లేదు. అయినా హోరుకి కారణం ఒక్కటే కానక్కరలేదు. గుమిలి అడ్డుపడినా, రక్తపోటు ఎక్కువైనా రావచ్చు. వాటికి మందుంది. చెవిలో వెల్లుల్లి కాచిన నూనె పోస్తున్నారేమో, ఇవాళే మానండి. పిన్నీసు పెట్టి తిప్పకండి. జిల్లా ఆస్పత్రిలో చెవి డాక్టరు చేత చూపించుకుని, ఆడియోగ్రాం తీయించుకుని, బీపీ కూడా చూపించుకోండి. ఆ కాగితాల నకళ్లు నాకు పంపితే చూసి, విడిగా జవాబు రాస్తాను.