ఇంటర్వ్యూ తేదీ అమ్మకు చెప్పండి

నందికొండలో హైదరాబాద్ బస్సెక్కితే ఇబ్రహీంపట్నం వైపు వచ్చేసరికి సాగర్ రోడ్డు మీద వరసగా ఇంజినీరింగ్ కాలేజీలే. దూరం దాదాపు 150 కిలోమీటర్లు. మీకది సెలవుకొకసారి చేసే ప్రయాణం. మిమ్మల్ని హాస్టల్లో దింపి, ఖాళీ బస్సులో హిల్ కాలనీకో పైలాన్ కాలనీకో తిరిగెళ్లిన అమ్మానాన్నల సంగతి వేరు.

క్రైస్తవ కుటుంబాల్లో ఈ సాగనంపడం ఎలా ఉంటుందో ఆ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు తెలుసు. వెళ్లే ముందు ఆదివారం పాస్టర్ గారు ముందుకు పిలిచి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. బట్టల మధ్యలో బైబిల్ సర్దుతారు. ఆ తర్వాత రోజూ ఫోన్‌లో ఒకటే ప్రశ్న: "ప్రార్థన చేసుకున్నవా బిడ్డా?" ఆదివారమైతే, "చర్చికి పోయినవా?" అటెండెన్స్ తీసుకుంటున్నట్టు అనిపిస్తుంది. హాస్టల్ మంచం మీద పడుకునే "పోయిన" అనేవాళ్లు తక్కువేం కాదు.

ఒకసారి అటువైపు నుంచి చూడండి. డేటా స్ట్రక్చర్స్ ఎంతవరకు వచ్చిందని ఆమె అడగలేదు. మీ గురించి ఆమె ధైర్యంగా అడగగలిగిన ప్రశ్న అదే. అందులో భయం కూడా ఉంది: కొత్త ఊళ్లో, కొత్త స్నేహాల్లో పడి విశ్వాసం వదిలేస్తారేమోనని. ఇంకో బాధ ఉంది, అది బయటికి చెప్పుకోదు. సీటు రావాలని ఉపవాసం ఉన్నది ఆమే. సీటు వచ్చాక మీ ఖాళీ మంచం చూసి ఏడ్చేదీ ఆమే. దేవుడు ఇచ్చినదానికి ఏడవడం తప్పేమోనని కళ్లు తుడుచుకుని లేస్తుంది.

హన్నా కథ సండే స్కూల్లో విన్నారు కదా. అడిగి అడిగి కన్న సమూయేలును షిలోహు మందిరంలో వదిలి వచ్చింది. ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది. ప్రసంగాల్లో ఎక్కువగా ఆమె మొక్కుబడి గురించే చెబుతారు, నాకు మాత్రం ఆ అంగీ దగ్గర ఆలోచన ఆగుతుంది. ఏడాదికోసారి చూసే బిడ్డకు కొలత ఎలా తెలిసింది? ఎంత పెరిగి ఉంటాడో ఊహించుకునే కుట్టి ఉంటుంది. మీ ఇంట్లోనూ ఇప్పుడు ఊహతోనే నడుస్తోంది.

వదిలి వెళ్లడం మన ఊరికి కొత్త కాదు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్ డ్యామ్‌కు శంకుస్థాపన చేశాక, ఎక్కడెక్కడి నుంచో కూలీలు సొంత ఊళ్లు వదిలి ఇక్కడికి పనికొచ్చారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ పని అయిపోయింది. ఇప్పుడు పని కోసం ఇక్కడి పిల్లలే బయటికి వెళ్లాలి. తేడా ఏంటంటే, మీ చేతిలో ఫోన్ ఉంది.

ఆ ఫోన్‌లో మీరు దాచేది ముఖ్యంగా ఇంటర్వ్యూ తేదీ. కారణం నాకు అర్థమవుతుంది. చెప్పగానే అమ్మ సంఘంలో లేచి ప్రార్థన మనవి పెడుతుంది. వచ్చే ఆదివారం కనిపించిన ప్రతివాళ్లూ "జాబ్ వచ్చిందా?" అంటారు. రాకపోతే ఆ మొహాలు ఎలా చూడాలి? అందుకే ఫైనల్ ఇయర్లో చాలామంది ఏమీ చెప్పడం మానేస్తారు.

ఆ మౌనం ఖరీదు ఎక్కువ. ఆన్‌లైన్ టెస్ట్, టెక్నికల్ రౌండ్, హెచ్‌ఆర్ రౌండ్, ఆ తర్వాత ఆఫర్ లెటర్, ఆ తర్వాతెప్పుడో జాయినింగ్ అని ఎవరూ చెప్పకపోతే ఆమెకు ఎలా తెలుస్తుంది? 2022లో ఆఫర్ లెటర్లు అందుకున్న ఫ్రెషర్లలో కొందరు ఉద్యోగంలో చేరడానికి రెండేళ్లు ఆగాల్సి వచ్చింది. అది మార్కెట్ మందగమనం. ఇంట్లో ఉన్న తల్లి మాత్రం "నా ప్రార్థనలోనే ఏదో లోపం ఉంది" అనుకుంటుంది. ఆ బరువు ఆమె మోయాల్సింది కాదు.

అంతకంటే ప్రమాదం ఇంకోటి ఉంది. మీరు చెప్పని చోట వేరేవాళ్లు చెబుతారు. "వందనాలు అమ్మా" అని పలకరించి, తెలిసిన కన్సల్టెన్సీ ఉందని, బ్యాక్‌డోర్‌లో వేయిస్తానని, ముందు కొంత కట్టాలని అంటారు. అప్పటికి ఇంట్లో ఉన్న బంగారం సంగతి ఆలోచన మొదలవుతుంది. అసలైన కంపెనీ ఏదీ ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడగదు. ఈ ఒక్క మాట ఆ మనిషి కంటే ముందు మీరు చెప్పి ఉండాలి.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు కంపెనీ పేరు, ఏ రౌండ్, ఏ రోజు, రిజల్ట్ ఎప్పుడు, ఇవి చెప్పండి. "రిజల్ట్ వచ్చేదాకా సంఘంలో చెప్పకమ్మా, ఇంట్లో నువ్వూ నాన్నా ప్రార్థన చేయండి" అని అడగండి. ఆగగలిగే మనిషే, మీరెప్పుడూ అడగలేదంతే. చర్చికి వెళ్లకపోతే వెళ్లలేదనే చెప్పండి. కాసేపు బాధపడుతుంది. కానీ మీరు చెప్పే మిగతా మాటలు నమ్మాలంటే ఆమెకు అది కూడా కావాలి. రిజెక్ట్ మెయిల్ వస్తే అదే రోజు చెప్పండి, తర్వాతి టెస్ట్ ఎప్పుడో తెలిస్తే ఆ తేదీతో సహా.